మధ్యాహ్నం మూడింటికి మామయ్య ఏం చేస్తుంటాడు?

బుద్ధిమాంద్యం ఉన్న మా మామయ్య ఉండే హోంకి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఆయన్ని మూడు ప్రశ్నలు అడుగుతుంది. తిన్నవా తమ్మీ? నిద్ర పడుతుందా? ఎవరన్నా కొడుతున్నరా? మూడోది గొంతు తగ్గించి అడుగుతుంది. మామయ్య మూడింటికీ తల ఊపుతాడు. మూడోదానికీ ఊపుతాడు కాబట్టి అమ్మ గుండె గుభేలుమంటుంది. మళ్ళీ అడిగి, చేతులూ వీపూ తడిమి చూసి, అలాంటిదేం లేదని తేల్చుకున్నాకే టిఫిన్ డబ్బా మూత తీస్తుంది.

పదకొండేళ్ళుగా ఇదే వరస. ఇంకో ప్రశ్న కూడా అడగాలని నాకు తట్టడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అదీ నా తెలివి కాదు. మేం ఎప్పుడూ ఆదివారం పొద్దున వెళ్తాం. ఒకసారి పింఛను కాగితం మీద ఆయన వేలిముద్ర అవసరమై, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, ఫోన్ కూడా చెయ్యకుండా వెళ్ళాను.

హాల్లో 22 మంచాలు. అన్నిటి మీదా మనుషులున్నారు. ఎవరూ నిద్రపోవడం లేదు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గోడకి, చెయ్యెత్తినా అందనంత ఎత్తులో టీవీ. అందులో ఏదో సీరియల్లో అత్తగారు కోడల్ని తిడుతోంది. రిమోట్ ఆయా ఒళ్ళో ఉంది. ఒకాయన గోడవైపు తిరిగి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. కిటికీ దగ్గర కుర్రాడు చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. మామయ్య మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. కుడిచేతి బొటనవేలిని చూపుడువేలి మీద రాస్తున్నాడు. ఆపకుండా, ఏదో గిల్లుతున్నట్టు.

కొన్ని మాత్రల వల్ల వేళ్ళు అలా కదులుతాయని ఎక్కడో చదివాను. అదే అయ్యుంటుందని, డాక్టర్ని అడగాలని ఫోన్లో రాసుకున్నాను. బండి మీద తిరిగొస్తుంటే తార్నాక సిగ్నల్ పడింది. పక్కన తోపుడుబండి మీద ఆకుకూర కట్టలు, వాటి మీద నీళ్ళు చల్లుతున్న ఒక ముసలామె. అప్పుడు వెలిగింది నాకు. మామయ్య పుంటికూర తెంపుతున్నాడు.

మా వైపు పుంటికూర అంటాం, గోంగూరే. జనగామ దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఆకు తెంపడంలో మామయ్యకి సాటి లేరు. ముదురాకు ఒక పక్క, లేతాకు ఒక పక్క, పురుగు పట్టినది కాళ్ళ దగ్గర. బోనాలకీ పెళ్ళిళ్ళకీ పక్కిళ్ళవాళ్ళు గంపలతో తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఆయన మాట్లాడేది నలభై, యాభై మాటలు. అంకెలు నాలుగు దాకానే, నాలుగు దాటితే 'మస్తు'. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైందని అమ్మమ్మ చెప్పేది. అయినా పొద్దున లేస్తే బోరింగు కొట్టి నీళ్ళు నింపడం, బర్రెకి కుడితి పెట్టడం, చింతపండులో గింజలు తీయడం ఆయన వంతు. ఆయనకి మతి చాలదని ఊరందరికీ తెలుసు. ఆయనకి పనుందని కూడా ఊరందరికీ తెలుసు.

ఊరేదో స్వర్గమని చెప్పబోవడం లేదు. పిల్లలు రాళ్ళేసేవాళ్ళు. ఒక జాతరలో ఎవరో కల్లు తాగించి చోద్యం చూశారు. వైద్యం అన్న మాటే లేదు. కానీ మధ్యాహ్నం మూడింటికి మామయ్య ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే, అక్కడ జవాబుండేది.

2009లో అమ్మమ్మ పోయింది. మామయ్య మల్కాజ్‌గిరిలో మా రెండు గదుల ఫ్లాటుకి వచ్చాడు. రెండో అంతస్తు. నేనూ నా భార్యా ఆఫీసులకి, పిల్లలు స్కూలుకి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండు కట్టల ఆకుకూర, అరగంట పని. మిగతా రోజంతా బాల్కనీ గ్రిల్లు పట్టుకుని నిలబడేవాడు. హోం గురించి ఇంత రాస్తున్నాను గానీ, ఆ ఖాళీ మొదలైంది హోంలో కాదు, మా ఇంట్లోనే.

2014లో ఒక సాయంత్రం తలుపు తీసి ఉంటే వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత కాజీపేట స్టేషన్లో రైల్వే పోలీసులకి దొరికాడు. 'తప్పిపోయాడు' అని అందరికీ చెప్పాం. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. మల్కాజ్‌గిరిలో రైలెక్కితే కాజీపేట కంటే ముందు వచ్చేది జనగామ. ఆయన సరైన రైలే ఎక్కాడు. దిగాల్సిన చోట దిగలేకపోయాడు, అంతే. మనిషి ఇంటికి బయల్దేరాడు, మేం దాన్ని రోగం అన్నాం. నెల తిరక్కుండా ఊరి చివర ఒక హోంలో చేర్పించాం. పేరు రాయను. ఇందులో ఆ ఒక్క హోం తప్పు అని చెప్పడానికేం లేదు, అంతకంటే అధ్వాన్నమైనవి మూడు చూశాకే అది ఎంచుకున్నాం.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. 5 గంటలకి లేపుతారు. వరసగా స్నానాలు. ఏడున్నరకి టిఫిను, మాత్రలు. 12కి అన్నం. 4కి టీ, రెండు బిస్కెట్లు. సాయంత్రం 6కి రాత్రి భోజనం. 8కి లైట్లు బంద్. ఆరింటికి రాత్రి భోజనం ఏమిటని అడిగితే, ఏడింటికి షిఫ్టు మారుతుంది, ఆలోపు గిన్నెలు కడగాలన్నారు. గడియారం తిరిగేది పనివాళ్ళ డ్యూటీని బట్టి. అక్కడున్నవాళ్ళ ఆకలిని బట్టి కాదు. 24 గంటల్లో నిద్రకి 9 తీసేయండి. తిండికి, స్నానానికి, మాత్రలకి కలిపి 3 తీసేయండి. ఇంకా 12 గంటలు మిగులుతాయి. ఆ పన్నెండు గంటలే మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోవడం.

'యాక్టివిటీ రూం' అని ఒక గది ఉంది. తలుపు మీద రంగురంగుల అక్షరాలు, లోపల గోడ మీద మిక్కీ మౌస్. యాభై ఏళ్ళ మగవాళ్ళకి మిక్కీ మౌస్ ఎందుకో నాకు అర్థం కాదు. పూసలు, ప్లాస్టిక్ రింగులు, ఇంగ్లీషు అక్షరాల పజిల్. అన్నీ కొత్తగా మెరుస్తుంటాయి, ఎవరూ ముట్టుకోరు కాబట్టి. తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. ఆ గది తెరిచి ఉండగా మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఎవరో పెద్దమనిషి వచ్చారు.

పెద్దమనుషులంటే గుర్తొచ్చింది. హైదరాబాదులో ఇలాంటి చోట్ల ఆదివారం వేరు, మిగతా ఆరు రోజులూ వేరు. ఆదివారం పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, సంవత్సరీకాలు. ఆఫీసులో బోర్డు ఉంటుంది: ఒక పూట భోజనానికి ఇంత, స్వీటుతో అయితే ఇంత, రోజంతా అయితే ఇంత. దాతల చేతుల మీదుగా కేకు కోస్తారు. హాల్లో ఉన్న 22 మందీ చప్పట్లు కొట్టి, ఎవరో తెలియని బాబుకి హ్యాపీ బర్త్‌డే పాడతారు. ఫొటోలు. ఒక ఆదివారం మూడు కేకులు కోశారు, సాయంత్రానికి నలుగురికి వాంతులు. సోమవారం నుంచి మళ్ళీ సీరియల్. కాగితాల్లో మామయ్య పుట్టినరోజు జనవరి 1. అసలుది ఎవరికీ తెలీదు. ఈ పదకొండేళ్ళలో ఆయన ఎన్ని వందల పుట్టినరోజులకి చప్పట్లు కొట్టి ఉంటాడో!

ఎవర్నో ఎత్తిపొడుస్తున్నాననుకునేరు. అమ్మమ్మ సంవత్సరీకానికి మేమూ రెండేళ్ళు అన్నం పెట్టించాం, బూరెలతో. ఫొటోలో నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. మామయ్య వరసలో కూర్చుని, తన తల్లి పేరు మీద పెట్టిన అన్నం, తనకేమీ తెలియకుండా తింటున్నాడు. వడ్డించాల్సింది ఆయన కదా అని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆమె ఆయనకి కదా తల్లి!

'చేతుల మీదుగా' అని మనకో మాట ఉంది. మంత్రి చేతుల మీదుగా ప్రారంభం, పెద్దల చేతుల మీదుగా అక్షింతలు. ఏదైనా ఒకటి మన చేతుల మీదుగా జరగడమంటే ఈ లోకంలో మనకో చోటు ఉందని. హోంలో మామయ్య చేతుల మీదుగా జరిగేది ఒక్కటీ లేదు. అన్నం కంచంలో పడుతుంది, నీళ్ళు ఒంటి మీద పడతాయి, మాత్ర నాలుక మీద పడుతుంది. తిండి బాగుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎవరూ కొట్టడం లేదు. అయినా ఆయన బొటనవేలు కనపడని ఆకుల్ని తెంపుతూనే ఉంది.

ఇది నా సెంటిమెంటు అనుకునేవాళ్ళకి ఒక పాత లెక్క చెప్తాను. జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ అని ఇద్దరు పరిశోధకులు, ఇంగ్లండులోని మూడు మానసిక ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి ఉన్న స్కిజోఫ్రీనియా రోగుల్ని 1960 నుంచి 1968 దాకా గమనించారు. మందులతో పాటు చిన్న చిన్న సంగతులు కూడా లెక్కపెట్టారు. రోగికి సొంతంగా ఏయే వస్తువులున్నాయి, రోజులో ఎన్ని గంటలు ఏమీ చెయ్యకుండా గడుస్తున్నాయి అని. బాగుపడ్డవాళ్ళ విషయంలో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది ఒకటే: ఊరికే కూర్చునే సమయం తగ్గడం. ముఖంలో కళ లేకపోవడం, మాట పడిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వీటిలో రోగం వాటా ఎంత, ఆ ఖాళీ వాటా ఎంత అని అప్పుడు గట్టిగా అడగడం మొదలైంది. మామయ్యది స్కిజోఫ్రీనియా కాదు, బుద్ధిమాంద్యం. రెండూ వేరు: మొదటిది మధ్యలో వచ్చే మానసిక రోగం, రెండోది చిన్నప్పట్నుంచే తెలివి ఎదగకపోవడం. కానీ మంచం మంచమే, మధ్యాహ్నం మధ్యాహ్నమే.

ఆ రెంటికీ తేడా చాలామందికి తెలీదు. ఈ ఊళ్ళో అన్నిటికీ కలిపి ఒకే మాట: ఎర్రగడ్డ. రైతుబజారుంది, ఛాతీ ఆసుపత్రి ఉంది, మెట్రో స్టేషనుంది, అయినా ఎర్రగడ్డ అంటే మనకి ఒకటే, పిచ్చాసుపత్రి. చిన్నప్పుడు మార్కులు తగ్గితే మా సారు 'నిన్ను ఎర్రగడ్డకి పంపాల్రా' అనేవాడు, క్లాసంతా నవ్వేది. వైజాగువాళ్ళకి చినవాల్తేరు ఉన్నట్టు. ఒక చోటుని జోకు చేశాక లోపల ఏం జరుగుతోందని ఎవడు చూస్తాడు?

చట్టాలు చూశాయి, కాగితం మీద. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ చదివితే, ఎవరో లోపల ఉండి వచ్చి రాసినట్టుంటుంది. బలవంతంగా గుండు కొట్టించకూడదు. సొంత బట్టలు వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి, యూనిఫాం రుద్దకూడదు. కాలక్షేపానికి, చదువుకి సదుపాయాలుండాలి. బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే తగిన డబ్బివ్వాలి. 19వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లోవాళ్ళు రానివ్వడం లేదనో, ఇల్లు లేదనో, బయట సదుపాయాలు లేవనో ఎవర్నీ ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదంటుంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు, 28 మంది, మంటల్లోంచి కదల్లేక చనిపోయారు. గొలుసులు వెయ్యడం ఏ రూపంలోనూ కుదరదని ఈ చట్టంలో విడిగా రాసి ఉండటం చదివినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఈ చట్టం పట్టుకుని హోం మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కారణం గుండు. ఒక ఆదివారం వెళ్ళేసరికి మామయ్యకి నున్నగా గుండు. అమ్మ గుమ్మంలోనే కూలబడింది. 'ఎవరు సచ్చిపోయిండ్రని గీయించిండ్రు?' అంది. మనకి గుండంటే తిరుపతి మొక్కు, లేదంటే చావు. మూడోది పేలు. వాళ్ళ కారణం ఆ మూడోది. ఒక్కరికి పేలు పడితే అందరికీ గీసేశారు. మామయ్య ఒంటి మీద చొక్కా కూడా ఆయనది కాదు. మేం దసరాకి కొన్న నీలం చొక్కా, నాలుగో మంచం మీదాయన వేసుకుని కనిపించాడు. బట్టలన్నీ ఒకే గుట్ట, ఉతికాక ఎవరికి ఏది అందితే అది.

మేనేజరు నా ప్రింటవుటు చదివి, మర్యాదగానే, 'సార్, ఈ చట్టం మీవాళ్ళకి వర్తించదు' అన్నాడు. అతనన్నది అబద్ధం కాదు. ఆ చట్టంలో మానసిక రోగం నిర్వచనంలోకి బుద్ధిమాంద్యం రాదు. మామయ్య వచ్చేది 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి. అందులో సమాజంలో బతికే హక్కుంది, ఫలానా చోటే ఉండాలని ఎవర్నీ బలవంతపెట్టకూడదని ఉంది, ఇలాంటి సంస్థలకి రిజిస్ట్రేషన్ ఉండాలని ఉంది. గుండు గురించి, చొక్కా గురించి అంత వివరంగా లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్కిజోఫ్రీనియా ఉంటే జుట్టు మిగిలేది.

చివరికి పని చేసింది చట్టం కాదు, మార్కర్ పెన్ను. అమ్మ ఆయన బట్టలన్నిటి కాలర్ల మీద నాలుగు చుక్కలు పెట్టింది. పేరు రాస్తే ఆయన చదవలేడు. నాలుగు చుక్కలు లెక్కపెట్టగలడు. ఇప్పుడు గుట్టలోంచి తన చొక్కా తనే లాక్కుంటాడు. ఒకసారి వేరేవాళ్ళ చేతిలోంచి లాక్కున్నాడని కంప్లైంటు కూడా వచ్చింది. ఆ కంప్లైంటు విని అమ్మ ఎంత సంతోషపడిందో!

ఆయాలని తిట్టడం తేలిక. నేనూ తిట్టాను, మనసులో. ఒకరోజు టీవీ ఆపి ఏదైనా చేయించొచ్చు కదమ్మా అంటే, పాలమూరు నుంచి వచ్చిన ఆమె నన్ను ఎగాదిగా చూసి, 'సారూ, ఇద్దరం ఉంటం. తినిపియ్యాలె, కడగాలె, బట్టలు మార్చాలె. గివి జేసేసరికే నడుం వడిపోతది. ఇంక ఆటలెప్పుడు ఆడిపియ్యాలె, నువ్వే చెప్పు' అంది. 22 మందికి పగలు ఇద్దరు, రాత్రి ఒక్కరు, పన్నెండు గంటల డ్యూటీ. జీతం మా అపార్టుమెంటు వాచ్‌మన్ కంటే తక్కువ. ఆ సీరియల్ ఒక్కటే ఆమె మధ్యాహ్నం. నేను లాక్కోమన్నది దాన్ని.

కానీ ఆమె మాటల్లోనే నాకు దారి కనపడింది. పని చేయించడం అదనపు పని అని మనం అనుకుంటున్నాం కాబట్టి అది ఎవరికీ కుదరదు. అసలు పని అక్కడే, ఆ గోడ అవతల, వంటింట్లో ఉంది. 60 మందికి వండే వంటిల్లు. రోజూ బుట్టలకొద్దీ కూరగాయలు. అవి తరగడానికి, ఏరడానికి ఇద్దరు మనుషులు జీతానికి వస్తారు. ఇవతల హాల్లో 22 జతల చేతులు ఖాళీ. మధ్యలో తలుపు మీద బోర్డు: పేషెంట్లు లోపలికి రాకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తెలిసినవాళ్ళు వెంటనే దాన్నే ఎత్తి చూపుతారు, చూపాలి కూడా. పాతకాలం ఆసుపత్రులు చాలాచోట్ల రోగుల చాకిరీ మీదే నడిచాయి. తోటపని, బట్టలుతకడం, పాత్రలు కడగడం, అన్నీ వైద్యం పేరు మీదే, పైసా ఇవ్వకుండానే. 20వ సెక్షన్లో ఆ వాక్యం ఊరికే రాలేదు. మా హోంలోనూ చూశాను. 'హుషారుగా ఉన్నవాళ్ళు' అని ఒక వర్గం ఉంది. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు ఒకడు రోజూ ఆరుగురికి స్నానం చేయిస్తాడు, ముగ్గురికి తినిపిస్తాడు. రాత్రి ఎవరైనా లేస్తే ముందు లేచేది వాడే. వాడికి జీతం లేదు, సెలవు లేదు. అది పని అని ఎవరూ అనరు. 'వాడు చాలా మంచోడు సార్' అంటారు.

కాబట్టి పనికీ చాకిరీకీ తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతలో, వద్దంటే ఊరుకుంటారా అన్నది మొదటిది. చేతిలో డబ్బు పడుతుందా అన్నది రెండోది. ఆ డబ్బుతో తనకి కావలసింది తను కొనుక్కోగలడా అన్నది మూడోది. ఈ మూడో దగ్గరే మనం అందరం బోల్తా పడతాం. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలైంది. మామయ్యకీ వస్తుంది, ఖాతా నేను చూస్తాను, హోం ఫీజులో కలిసిపోతుంది. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో పది రూపాయల నోటు పెట్టిన గుర్తు నాకు లేదు.

ఇంకో మాట కూడా అనుకోవాలి. మామయ్యని అసలు హోంలో పెట్టకుండా ఉండాల్సింది అని మొహం మీదే అన్న బంధువులున్నారు. వాళ్ళ ఇళ్ళకి ఎప్పుడైనా రెండు రోజులు తీసుకెళ్ళారా అని అడగను. కానీ మా ఇంటికి కావలసింది హోం కాదని ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఐదుకి తిరిగొచ్చే చోటు ఒకటి, ఆటోలో వెళ్ళగలిగేంత దూరంలో ఉంటే చాలు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి స్పెషల్ స్కూళ్ళు, ప్రైవేటుగానైనా, దొరుకుతాయి. తర్వాత? సికింద్రాబాదులో మనోవికాస్ నగర్ అని కాలనీకే పేరు పెట్టుకున్నాం. బుద్ధిమాంద్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి అక్కడే ఉంది, స్పెషల్ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తుంది. ఇలాంటివాళ్ళ కోసం 1999 చట్టంతో వచ్చిన నేషనల్ ట్రస్టు నుంచి డే కేర్ కోసం వికాస్, కొన్నాళ్ళు ఉండటానికి సమర్థ్, జీవితాంతం ఉండే ఇంటికి ఘరౌందా అని పథకాలు వచ్చాయి. పేర్లు చక్కగా ఉన్నాయి. మల్కాజ్‌గిరిలో నలభై అయిదేళ్ళ మగమనిషిని పగలు పంపడానికి నాకు 2014లో ఒక్క చోటు దొరకలేదు. మూడు నెలలు తిరిగాను. 'ఇంత పెద్దవాళ్ళని తీసుకోం సార్.'

పెద్ద పెద్ద హాళ్ళు తప్పదా అంటే, తప్పదని చెప్పేవాళ్ళు ఒకసారి చెన్నై చూడాలి. అక్కడ 'ది బనియన్' అనే సంస్థ 1993 నుంచి, రోడ్డున పడ్డ మానసిక రోగులతో, ముఖ్యంగా ఆడవాళ్ళతో పనిచేస్తోంది. 2015 నుంచి 'హోం అగైన్' పేరుతో, ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్ళని నలుగురైదుగురిగా మామూలు వీధుల్లో మామూలు అద్దె ఇళ్ళలో ఉంచుతోంది. కూడా ఒక సహాయకురాలు. ఏం వండుకోవాలో వాళ్ళే అనుకుంటారు, బజారుకి వాళ్ళే వెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి ఉదాహరణలు ఏరినప్పుడు దీన్నీ అందులో చేర్చింది. అక్కడ యాక్టివిటీ రూం అవసరం ఉండదు. ఇల్లంటేనే బోలెడు యాక్టివిటీ కదా. పాలు పొంగుతున్నాయని పరిగెత్తడం, నీళ్ళ ట్యాంకరు వచ్చిందని బిందెలు దించడం, ఉప్పెక్కువైందని కసురుకోవడం. పెద్ద హాలు ముందు ఇవన్నీ తీసేసుకుంటుంది. తర్వాత వాటి బదులు ప్లాస్టిక్ రింగులు ఇస్తుంది.

అద్దె ఇల్లు నా చేతిలో లేదు. పుంటికూర ఉంది. ఒక ఆదివారం అమ్మ టిఫిన్ డబ్బాతో పాటు సంచిలో ఆరు కట్టలు తెచ్చింది. వరండాలో పేపరు పరిచి మామయ్య ముందు పెట్టింది. ఆయన ఒక కట్ట చేతిలోకి తీసుకుని, వాసన చూసి, దారం విప్పాడు. బొటనవేలు ఆకు మొదట్లో ఆనింది, చిటుక్కుమంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మస్తు. గంటన్నర తల ఎత్తలేదు. ముదురాకు ఒక పక్క, లేతాకు ఒక పక్క. పదమూడేళ్ళో పద్నాలుగేళ్ళో అయింది ఆ చేతులు అంత ఆకు చూసి. చుట్టూ అయిదారుగురు చేరారు. గుండీల కుర్రాడు కాడలు విరవడం మొదలుపెట్టాడు. ఒకాయన పచ్చి ఆకే నమిలి, పులుపుకి మొహం చిట్లించి, ఇంకోటి నమిలాడు. ఒకామె ఒక్క ఆకు పట్టుకుని అలాగే కూర్చుంది, అదీ బాగానే ఉంది.

మేనేజరు ఇన్‌ఫెక్షన్ అన్నాడు. చేతులు కడుక్కునే తెంపుతారు, కూర మళ్ళీ కడుగుతారు అన్నాను. ఎవరైనా పెద్దమనిషి చూస్తే పేషెంట్లతో చాకిరీ చేయిస్తున్నామంటారు అన్నాడు. అది నిజమైన భయమే. అందుకని రాతపూర్వకంగా పెట్టుకున్నాం. మంగళవారం, శుక్రవారం వంటింటి ఆకుకూర వరండాకి వస్తుంది. ఇష్టమున్నవాళ్ళే కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళకి రోజుకి 20 రూపాయలు, ప్రస్తుతానికి నేనూ ఇంకో ఇద్దరి ఇళ్ళవాళ్ళూ కలిసి ఇస్తున్నాం. హోమే ఇవ్వాలని నా వాదన, ఆ వాదన ఇంకా నడుస్తోంది. మొదటి రెండు నెలలు సజావుగా సాగింది. తర్వాత వంటామె మారింది, మూడు వారాలు ఆగిపోయింది, మళ్ళీ వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది. ఒకాయన కాడతో పక్కవాడి కంట్లో పొడిచాడు. 22 మందిలో పదిహేను మంది ఇంకా మంచాల మీదే ఉన్నారు. ఆకు అందరికీ కుదరదు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ చేతులు ఏం చేసేవో అడిగి తెలుసుకోవాలి. ఇళ్ళవాళ్ళలో సగం మంది ఫోనెత్తరు.

మామయ్య వేళ్ళు ఇప్పటికీ గాల్లో గిల్లుతుంటాయి. తగ్గిందని అమ్మ అంటుంది. నాకేం తేడా కనపడలేదు. మారింది ఇంకోటి. ఇంతకుముందు మేం వెళ్తే ఆయన టిఫిన్ డబ్బా వైపే చూసేవాడు. ఇప్పుడు జేబులోంచి నోట్లు తీసి మంచం మీద పరుస్తాడు. గేటు అవతల, రోడ్డు దాటితే ఇరానీ హోటలు ఉంది, అద్దాల బీరువాలో ఉస్మానియా బిస్కెట్లు గేటు దగ్గర్నుంచే కనపడతాయి. 'నేను తెస్త' అంటాడు. అమ్మ తెస్తానంటే ఒప్పుకోడు, నేను తెస్తానంటే నోట్లు వెనక్కి లాక్కుంటాడు. గేటు దాటాలంటే పర్మిషన్ కావాలి. కాజీపేట సంగతి ఫైల్లో రాసి ఉంది కదా. ఎవరో ఒకరు వెంట ఉండి, వారానికి ఒకసారి రోడ్డు దాటి రావడానికి లెటర్ పెట్టి రెండు నెలలైంది. సంక్రాంతి తర్వాత చూద్దాం సార్ అన్నాడు మేనేజరు.

మొన్న శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళాను. తోటకూర వచ్చిందట ఆ రోజు. మామయ్య నన్ను చూసి చెయ్యి పట్టుకుని వరండా మూలకి లాక్కెళ్ళాడు. అక్కడ పక్కన పడేసిన ఆకుల గుట్ట చూపించాడు, తెంపినదానికంటే అదే పెద్దగా ఉంది. 'పురుగులు' అన్నాడు. 'మస్తు పురుగులు.' చాలా కోపంగా ఉన్నాడు.